గాలిమోటర్ చేను

మా అన్న బిడ్డ కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదువుకుంటూ మా ఇంట్లోనే ఉంటుంది. పోయిన నెలలో ఒకరోజు ఆమె పేరు మీద అట్టపెట్టె ఒకటి వచ్చింది. విప్పి చూస్తే లోపల అన్నీ బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలే. వాటిని వరుసగా అతికించుకుంటూ పోతే జానెడు పొడవున్న యుద్ధ హెలికాప్టర్ తయారవుతుందట. పెట్టె మీది బొమ్మ చూడగానే నా చేతిలోని చాయ్ గ్లాసు అట్లాగే ఆగిపోయింది, ఎందుకంటే ఆ రకం మెషిన్ల విడిభాగాల స్టోరులోనే నా పనికాలంలో మంచి భాగం గడిచింది. ఆమె నాలుగు సాయంత్రాలు కూర్చుని అతికించింది గానీ తోక చివర తిరిగే చిన్న పంకా దారిలోనే విరిగి వచ్చింది. అయ్యో అనుకునే లోపే ఫోనులో ఏదో నొక్కింది, రెండు రోజులకల్లా కొత్త పంకా చిన్న కవరులో ఇంటి గడపకే వచ్చేసింది. ఆ కవరు చేతికి తీసుకున్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. అదే మెషిన్‌కు, అదే తోక భాగంలో, ఒక విడిభాగం కోసం ఇచ్చోడ దగ్గర ఒక పత్తిచేనులో నేను ఎదురుచూసిన రోజులు గుర్తుకు వచ్చాయి.

పెట్టెలో ఆ మెషిన్ పూర్వాపరాలు చెప్పే కాగితం కూడా ఉంది. ఎక్కడ తయారైంది, ఎంత బరువు మోస్తుంది, ఎంత వేగం పోతుంది, ఏ ఆయుధాలు తగిలిస్తారు, అన్నీ పొందిగ్గా రాశారు. బొమ్మను నిలబెట్టడానికి ఒక చెక్కపలక చేసుకోవాలని, వెనుక ఇసుక ఎడారి పెడితే బాగుంటుందా, మంచుకొండలు పెడితే బాగుంటుందా అని మా పిల్ల నన్ను అడిగింది. పత్తిచేను పెట్టమన్నాను. ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని నా వైపు చూసి, “యుద్ధంల తిరిగే మెషిన్ పత్తిచేన్ల ఏం జేస్తది చిన్నబాపూ?” అన్నది. ఆమెకు చెప్పినదే, కొంచెం కుదురుగా, ఇక్కడ మీకూ చెబుతున్నాను.

మాది సాంచాల ఊరు. మరమగ్గాన్ని మా వైపు సాంచా అంటారని మన తరం వాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. మా బాపుకు నాలుగు సాంచాలు ఉండేవి గానీ నడిచేవి మూడే. నాలుగోది గోడవార ఊరికే నిలబడి ఉండేది. నడిచేవాటిలో ఏదైనా పన్ను విరిగితే, ఏ బోల్టో అరిగితే, బజారు దాకా పోయే పని లేకుండా ఆ నాలుగోదాని ఒంట్లోంచి ఒకటి ఊడదీసి ఇక్కడ బిగించేవాడు. అవ్వ దాన్ని కర్ణుడి సాంచా అనేది, అడిగిన వాడికి లేదనకుండా ఒంటి మీదిది ఒలిచి ఇస్తుందని. నేను లెక్కలు నేర్చుకున్నది బడిలో కన్నా ఆ సాంచాల దగ్గరే ఎక్కువ. ఏ చక్రానికి ఎన్ని పళ్ళు ఉంటే అంగుళానికి ఎన్ని పోగులు పడతాయి, ఒక చక్రం మారిస్తే బట్ట ఎంత పలుచనవుతుంది, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే వేళ్ళ మీద వేసుకుంటూ పెరిగాను. పదో తరగతి తరువాత చదువు సాగలేదు, లెక్క మాత్రం ఆగలేదు. ఆ లెక్కే పరీక్షలో గట్టెక్కించి నన్ను వైమానిక దళంలో స్టోరు పనికి చేర్చింది.

హెలికాప్టర్ల పక్కన పనిచేశానంటే ఏవో సాహసాలు ఉంటాయనుకుంటారు. నా పని అరల మధ్య. ప్రతి విడిభాగానికీ ఒక నంబరు, ఒక ఆయుష్షు. ఇన్ని గంటలు ఎగిరాక బాగున్నా సరే తీసేయాలి. ఏ మెషిన్ ఒంట్లో ఏ భాగానికి ఇంకెంత ఆయుష్షు మిగిలిందో నాకు నోటికి ఉండేది, పక్కింటి పిల్లల వయసులు తెలిసినట్టు. ఆశ్చర్యం ఏమిటంటే అక్కడ కూడా షెడ్డు మూలన ఒక మెషిన్ కర్ణుడి సాంచాలాగే నిలబడి ఉండేది. మొదటిసారి దాన్ని చూసిన రోజు నాకు పరాయిచోటికి వచ్చినట్టు అనిపించలేదు.

ఒక ఏడు దీపావళి పోయాక, శిక్షణ కోసం ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతున్న మా మెషిన్ ఒకటి ఆదిలాబాద్ మీదుగా వెళ్తూ ఇచ్చోడ ఇవతల ఒక చేనులో దిగవలసి వచ్చింది. పెద్ద ప్రమాదం ఏమీ లేదు. తోక పంకాను తిప్పే ఇరుసు మధ్యలో ఒక గేర్‌బాక్స్ ఉంటుంది. దాని నూనెలో ఒక చిన్న అయస్కాంతపు బిరడా పెడతారు. లోపలి పళ్ళు అరిగి ఇనుప రజను రాలితే అది దానికి అంటుకుంటుంది, వెంటనే పైలట్ ముందు ఒక దీపం వెలుగుతుంది. దీపం వెలిగాక ఇంకెంత దూరం పోగలమా అని ఆలోచించకూడదు, కింద చదునుగా ఎక్కడ కనిపిస్తే అక్కడ దిగాలి. వాళ్ళకు కనిపించిన చదును ఒక పత్తిచేను. మరమ్మతుకు ఒక ముఠాను పంపుతూ, తెలుగు వచ్చినవాడు ఒకడు ఉండాలని నన్ను కూడా కలిపారు. అట్లా పదిహేను నెలలుగా సెలవు దొరకని నేను, సర్కారు ఖర్చు మీద సొంత గాలి పీల్చడానికి వచ్చాను.

మేము చేరేసరికి ఆ చేను చుట్టూ తిరునాళ్ళలా ఉంది. ట్రాక్టర్లు, సైకిళ్ళు, నిర్మల్ పోయే బస్సు ఆపించి దిగిన ప్రయాణికులు. అందరూ గాలిమోటర్ దిగిందట అని వచ్చినవాళ్ళే. నలుగురు పోలీసులు మెషిన్ చుట్టూ తాడు కట్టారు గానీ తాడు దాకా రావడానికి జనం తలా ఒక దారి చేసుకుని పత్తిచెట్లను తొక్కుకుంటూ వస్తున్నారు. చేను గట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, అత్తాకోడళ్ళు. కొడుకు మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తున్నాడు. అంతవరకు జొన్న తప్ప ఎరగని ఆ రెండెకరాల్లో, ఈసారి పత్తి వేద్దామని పట్టుబట్టి వేయించింది కోడలు. అత్తకు అది మొదటి నుంచీ గిట్టలేదు. పంట చేతికి రాకపోతే వచ్చే ఏడు చేను కౌలుకిచ్చేస్తాను, నువ్వు కూలికి పోవాలె అని ఊరందరి ముందే చెప్పి ఉందట. చెట్లు నడుమెత్తు పెరిగి, కాయలు పగిలి, తెల్లగా విరబూసి, ఇక ఏరుడే మిగిలిందన్న వారంలో పైనుంచి ఇది దిగింది. దిగేటప్పుడు నెత్తిమీది పెద్ద పంకా గాలికి చుట్టూ ఉన్న పత్తి అంతా లేచిపోయి, రోడ్డు అవతలి తుమ్మముళ్ళకు చిక్కుకుని ఉంది. మెషిన్ చుట్టూ ఒక గుండ్రటి బయలులో చెట్లు మాత్రం మిగిలాయి, వాటి మీద తెలుపు లేదు.

మేము దగ్గరికి పోయేసరికి అత్త కోడలిని అంటున్నది: “జొన్న ఏద్దామంటే ఇన్నవా? జొన్న నిలువెత్తు ఉంటది. గాలిమోటర్ దిగుదామన్నా దానికి జాగ కండ్లవడకపోవు.” కోడలు తల తిప్పలేదు. చేను ఆ కొసన పగిలిన కాయలనే చూస్తూ ఉంది.

మా ముఠాకు పెద్ద ఒక సార్జెంటు. మేమంతా ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయనది పెన్‌గంగ అవతల యవత్మాళ్ వైపు, పత్తి పండించే ఇల్లు. అత్తగారి పుట్టిల్లు కూడా ఆ ఒడ్డేనని మాటల్లో తేలింది. ఆయన ఆమెను వాళ్ళ భాషలో అమ్మా అన్నట్టు ఆయీ అని పిలవడం, ఆమె మరాఠీలో ఆయన ఊరి పేరు, ఇంటి పేరు, మేనమామల ఊరు ఆరా తీయడం మొదలైపోయింది. భాష కోసం అంత దూరం నుంచి తెచ్చిన నేను పక్కన నిలబడి వాళ్ళ ముఖాలు చూడటమే అయింది. నన్ను ఆదుకున్నది కోడలే. నేను ఒక పగిలిన కాయను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తుంటే, ఏ ఊరు తమ్మీ మీది అని అడిగింది. చెప్పాను. “సాంచాల ఊరోనివి, పత్తిచెట్టు సూడలేదా?” అని మొదటిసారి నవ్వింది. నిజమే, పుట్టినప్పటి నుంచి బట్ట మధ్యనే పెరిగినా మా ఊరికి నూలు కండెలకు చుట్టుకునే వచ్చేది. అది కాయలోంచి వస్తుందని పుస్తకంలో చదవడమే.

ఉస్తాద్ బిరడా తీసి, దాని కొసకు అంటిన రజను వేళ్ళ మధ్య నలిపి చూసి, గేర్‌బాక్స్ మొత్తం మార్చాల్సిందేనని తేల్చాడు. అది లారీలో రావాలి. వచ్చి, బిగించాక, వెంటనే ఎగిరిపోవడానికి వీలులేదు. ముందు నేల మీద చాలాసేపు నడిపించాలి, తరువాత మనిషెత్తున గాలిలో నిలిపి ఉంచి చూడాలి, అప్పుడు గానీ పైలట్ దాన్ని నమ్మడు. అంటే దిగేటప్పటి గాలి కంటే ఎంతో ఎక్కువ గాలి, ఎంతో ఎక్కువసేపు. దిగినప్పుడు పడిన బయలు గుండ్రానికి ఈసారి రెట్టింపు వెడల్పు అనుకోవచ్చునని ఆయన చెప్పాడు. కోడలు అది విని, అయితే ఇంకో అంత పోతది అన్నమాట అని ఊపిరి పీల్చుకుంది. ఆ మాట దగ్గర నా నోరు ఆగలేదు. వెడల్పు రెట్టింపయితే జాగా రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. పుల్లతో మట్టిలో చిన్న చదరం, పక్కన పెద్ద చదరం గీసి, ఇందులో అవి నాలుగు పడతాయి చూడు వదినా అని చూపించాను. ఆమె ఆ గీతలు, తన చేను, ఒకదాని తరువాత ఒకటి చూసింది. “అంటే సగం చేనుకు మీదికే” అన్నది మెల్లగా. లెక్క వచ్చినందుకు నాకు సంతోషం కలగని సందర్భాలు తక్కువ, అది అందులో ఒకటి.

గాలి రాకముందే ఏరేస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపిస్తుంది. కానీ అది ఊరంతా పత్తి పగిలిన వారం. కూలికి మనిషి దొరకడు. ఎవరి చేను వాళ్ళకే తెల్లగా కనబడుతుంటే పక్కవాడి చేనుకు ఎవరు వస్తారు? కోడలు ఇల్లిల్లూ తిరిగి, చేతులు ఊపుకుంటూ తిరిగి వచ్చింది. పనికి రానివాళ్ళు చూడటానికి మాత్రం వస్తూనే ఉన్నారు, ఉట్నూరు వైపు నుంచి, బోథ్ వైపు నుంచి, చంకలో పిల్లలను ఎత్తుకుని, ఇంటిల్లిపాదీ. నష్టం రాసుకోవడానికి వచ్చిన రెవెన్యూ ఆయన కూడా రాసుకున్నంతసేపు రాసుకుని, ఆ తరువాత పిల్లలను తీసుకొచ్చి చూపించుకుని పోయాడు.

రెండో రోజు పొద్దున అత్త గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఒక బస్తాల దొంతర మీద కూర్చుంది. చేతిలో కర్ర. మొదట వచ్చిన గుంపుకు ఆ కర్ర అడ్డం పెట్టింది.

“యాడికి?”

“గాలిమోటర్ సూడవోతున్నం పెద్దవ్వా.”

“ఉట్టిగనే సూస్తరా? నా చేను తొక్కుకుంట? తలా ఒక సాలు పట్టుండ్రి. పత్తి ఏరుకుంట పోండ్రి, తాడు కాడ నిలవడి కండ్లనిండ సూడుండ్రి, ఇంకో సాలు ఏరుకుంట రాండ్రి. ఏరనోడు రోడ్డు మీద నిలవడే సూసి పోవాలె.”

నవ్వారు. ఒకాయన, సినిమాకు టికెట్ ఉంటది గానీ దీనికి గూడనా అన్నాడు. టికెట్ కొన్నోడు కుర్చీల కూసుంటడు బిడ్డా, నువ్వు వంగాలె అన్నది ఆమె. ముందు ఆడవాళ్ళు వంగారు. వాళ్ళకు అలవాటే, కొంగును ఒడి కట్టుకుంటే చాలు. వాళ్ళ వెనుక మగవాళ్ళు రుమాళ్ళు పరిచారు. సాలు వెంట నడిచేవాడు చెట్టును తొక్కడు, అదొక లాభం. మా ఉస్తాద్‌కు ఇది మహా నచ్చింది. ఎందుకంటే మా పనిలో ఒక ఆచారం ఉంది. మెషిన్ నడిపించే ముందు మేమంతా పక్కపక్కన వరుసగా నిలబడి, వంగి, ఆ నేల మీద పుల్లా, రాయీ, కాగితం ముక్కా ఏదీ మిగలకుండా ఏరుకుంటూ నడుస్తాం. గాలికి లేచింది ఇంజన్ నోట్లోకి పోతే అంతే సంగతులు. విడి పత్తి అయితే మరీ చెడ్డది. కాబట్టి తాడు లోపల మేము రాలిన దూదిని ఏరుతున్నాం, తాడు బయట జనం కాయల పత్తిని ఏరుతున్నారు. దూరం నుంచి చూస్తే ఎవరు ఫౌజువాళ్ళో ఎవరు కూలీలో తెలియనట్టు అందరి వీపులూ ఒకటే వంపులో ఉన్నాయి. ఉస్తాద్ వేళ్ళు మాత్రం మా అందరికన్నా చురుకు. మూడు వేళ్ళతో పట్టి ఒక్క లాగుతో నాలుగు పాయలూ ఊడదీసేవాడు. చిన్నప్పటి పని చేతికి గుర్తుంటుందని, తన అవ్వ చేనులో ఇట్లాగే వంగి పాడుకునేదని, ఆ రోజు మధ్యాహ్నం జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తింటూ చెప్పాడు. ఆ రొట్టెలు అత్తే పంపింది. తినేవాళ్ళకు వినబడేట్టు, పత్తి తినరాదు గదా అని కూడా అన్నది.

కోడలు అత్త దగ్గరికి పోయి ఏదో అనబోయింది. ముసలామె ఆమె వైపు చూడకుండానే, “నువ్వు ఏసిన పంటని గాదు. నా చేన్ల పండిందని” అన్నది. కోడలు ఒక ఖాళీ బస్తా తీసుకుని చేనులోకి దిగింది. ఆమె అడుగు ముందటికన్నా తేలిగ్గా పడటం నేను గమనించాను.

లారీ వచ్చిన రోజుకు నేను లెక్కగట్టిన గుండ్రం లోపల పగిలిన కాయ అన్నది దాదాపు లేదు. చెక్కపెట్టె విప్పి, నంబరు సరిచూసి, గేర్‌బాక్స్‌ను మైనపు కాగితంలోంచి బయటికి తీసినప్పుడు తాడు అవతల జనం పుట్టిన బిడ్డను బయటికి తెచ్చినప్పటిలా మునివేళ్ళ మీద లేచి చూశారు. పాతది దింపి కొత్తది ఎక్కించడానికి ఒక పగలంతా పట్టింది. ప్రతి బోల్టూ, ప్రతి వాషరూ నా చేతిలోంచి పోయి, నా చేతికి లెక్క ఒప్పజెప్పాకే మూతలు బిగించారు. మరునాడు పొద్దున పైలట్ దొర జీపులో వచ్చాడు. అంతా సిద్ధమే అన్నాడు ఉస్తాద్. పైలట్ మెషిన్ చుట్టూ తిరిగి రెండో పక్కకు పోయి, అక్కడే నిలబడిపోయి, ఇది ఏమిటని అడిగాడు.

మేమంతా అటు పోయాం. ఆయుధాలు తగిలించడానికి ఆ మెషిన్‌కు రెండు పొట్టి రెక్కలు ఉంటాయి. కుడి రెక్క కింద, చల్లని నీడలో, నడుమెత్తు పత్తి కుప్ప ఉంది. చుట్టూ బస్తా పట్టాలు కప్పి, పైన రాళ్ళు పెట్టి, ఎంతో జాగ్రత్తగా. ముందురోజు పొద్దు వాలేముందు, మేము తోక దగ్గర మూతలు బిగించుకుంటూ ఉండగా, అత్త ఊరి ఆడవాళ్ళతో మోయించి పెట్టించిందట. కాపలా ఉన్న సెంట్రీ కొత్త కుర్రవాడు, ఉస్తాద్ ఆయీ అని పిలిచే మనిషిని ఆపడానికి మొహమాటపడ్డాడు. ఆమెను అడిగితే ఏమాత్రం తడబడలేదు. “పత్తి ఎవడన్న ఎత్కపోతడని ఇంట్ల ఫికరాయె. మబ్బు గూడ వట్టింది. తుపాకి వట్టుకున్నోడు నిలవడ్డ జాగకన్న గట్టి జాగ మా ఊర్ల ఇంకోటి ఉన్నదా?”

పైలట్‌కు తర్జుమా చేయడం ఆ రోజు నా వంతు. ఎంత ముఖం బిగించుకుని చెప్పినా చివరికి వచ్చేసరికి నాకే నవ్వు ఆగలేదు. ఆయన కాసేపు కుప్పను, కాసేపు ముసలామెను చూసి, గడియారం విప్పి జేబులో వేసుకుని, చొక్కా చేతులు పైకి మడిచాడు. తక్కినవాళ్ళం ఇక చెప్పించుకుంటామా? రెండు ఎడ్లబండ్లు రోడ్డు మీదే ఆగాయి, మెత్తని రేగడిలోకి దిగితే చక్రాలు కూరుకుపోతాయని. అక్కడి దాకా ఫౌజువాళ్ళూ పోలీసులూ ఊరివాళ్ళూ కలిసి మూటలు మోశారు. తరువాత మళ్ళీ వరుసగా నిలబడి, ఆ రెక్క కింద రాలిన దూదిని చివరి పోగు దాకా ఏరాం.

మెషిన్ లేచింది. మనిషెత్తున చాలాసేపు నిలబడి, తోక అటూ ఇటూ తిప్పి చూసుకుని, దీపం వెలగకపోవడంతో, పైకి పోయింది. పగలని పచ్చికాయలు ఉన్న చెట్లు నేలకు వంగి మళ్ళీ లేచాయి. జనమంతా పైకి చూస్తున్నారు. కోడలు మాత్రం తన చెట్లనే చూస్తూ ఉంది. చప్పుడు సన్నబడ్డాక అత్త కర్ర నేలకు ఆనించి, “వచ్చే ఏడు ఏం ఏద్దామే? జొన్న ఏద్దామా, మల్ల దిగకుంట?” అన్నది.

ఆ చేనులో ఏం వేయాలో ఆమె కోడలిని అడగడం అదే మొదటిసారి అయి ఉంటుంది. కోడలు కొంగుకు అంటిన దూది దులుపుకుంటూ, “పత్తే అత్తమ్మా. దిగితె దిగనీ, ఏరెటోళ్ళు వస్తరు” అన్నది.

పని విరమించి ఇంటికి వచ్చాక, ఒకసారి ఆదిలాబాద్‌లో చుట్టాల పెళ్ళికి పోతూ ఆ దారిలో ఆగాను. రోడ్డు వెడల్పయి, బండ్లు ఇచ్చోడ వచ్చింది ఎరుక లేకుండానే దాటిపోతున్నాయి. గట్టు మీద ఉన్న రైతును అడిగితే గాలిమోటర్ చేనా, అగో అని చూపించాడు. ఊరు దానికి ఆ పేరే ఖాయం చేసిందట. అత్త లేదు. జుట్టు నెరిసిన కోడలు నన్ను గుర్తుపట్టి, మట్టిలో చదరాలు గీసిన తమ్మివి గదా అన్నది. ఆ ఏడాది నుంచి ఆ చేనులో పత్తి తప్పలేదని, కొడుక్కి పెళ్ళయి తనకూ కోడలు వచ్చిందని, ఆ పిల్ల సోయా వేద్దామని పోరు పెడుతున్నదని నవ్వుతూ చెప్పింది.

మా ఊరి వీధిలో ఇప్పుడు కర్ణుడి సాంచాలు లేవు. మా బాపుది కూడా, నడిచే మూడింటితో పాటే, పాత ఇనుము కింద తూకానికి పోయింది. నేను పనిచేసిన మెషిన్లు కూడా ఒక్కొక్కటీ పక్కకు తప్పుకుంటున్నాయి. ఇప్పుడు ఏది విరిగినా కొత్తది గడపకే వస్తుంది, మంచిదే, నేను వద్దనను. కానీ ఒక విడిభాగం వచ్చేదాకా ఎదురుచూసే ఆ నాలుగు రోజుల్లోనే కదా మనుషులు ఒకరికొకరు ఏమవుతారో తెలిసేది, ఆ నాలుగు రోజులు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలియదు.

మా పిల్ల చెక్కపలక మీద నల్లమట్టి పరిచి, చీపురు పుల్లలు సాళ్ళుగా గుచ్చి, అన్నిటికీ దూది అతికించింది. మెషిన్ చుట్టూ గుండ్రంగా ఒట్టి చెట్లే ఉండాలి, ఏరేశారు కదా అన్నాను. ఓపికగా ఒక్కొక్కటీ పీకింది. పీకిన దూది వేళ్ళ మధ్య పెట్టుకుని ఏం చేయాలని చూస్తుంటే, కుడి రెక్క కింద కుప్ప పెట్టమన్నాను.

“కుప్ప ఉంటే ఎగరరాదు గదా చిన్నబాపూ?” అన్నది.

ఎగరకపోతే పోనీ, కొన్నాళ్ళు ఉండనీ అన్నాను. ఇప్పుడు అది మా ముందుగది అల్మారీ మీద ఉంది.